రెండున్నర కిలోల తుపాకీ

మొదటిసారి ఆ అమ్మాయి భుజం చూసినప్పుడు నేనేమీ అడగలేదు. అడగకపోవడం నా స్వభావం. బురైదా అనే అరబ్బు ఊళ్ళో ఒక క్లినిక్‌లో, ఆడవాళ్ళ విభాగంలో ఫిజియోథెరపిస్టుగా చేరి అప్పటికి ఎనిమిది నెలలు. వచ్చిన కొత్తలో నేర్చుకున్న అరబ్బీ మాటల్లో నేను ఎక్కువగా వాడింది ఒక్కటే, తమామ్. బాగుంది, సరే, అలాగే, ఇబ్బంది లేదు, అన్నిటికీ అదే. పేషెంటు ఏమన్నా తమామ్. పేషెంటు తండ్రి ఏమన్నా తమామ్. మా ఇన్‌ఛార్జి డ్యూటీ మార్చినా తమామ్. ఆ ఒక్క మాటతో ఎనిమిది నెలలు ఎవరి కంటా పడకుండా గడిపాను.

ఆ అమ్మాయికి ఇరవై ఏళ్ళుంటాయి. యూనివర్సిటీలో చదువుతోంది. సగం ఇంగ్లీషు, సగం అరబ్బీ కలిపి మాట్లాడేది కాబట్టి మా ఇద్దరికీ బాగానే కుదిరింది. మెట్ల మీద జారి పడ్డానని చెప్పింది. చొక్కా మెడ పక్కకి లాగి చూపించింది. కుడి భుజం మీద, చెయ్యి మొదలయ్యే చోట, వంకాయ రంగులో కమిలిన మచ్చ. పై అంచు నున్నగా, గీసినట్టు గుండ్రంగా ఉంది. మెట్ల మీద పడితే మోచెయ్యి గీరుకుంటుంది, తుంటి వాస్తుంది. ఇంత శుభ్రమైన అంచు రాదు.

ఐస్ ప్యాక్ పెట్టాను. రెండు రోజులాగి రమ్మన్నాను. సాయంత్రం హాస్టల్ గదికి వచ్చాక డైరీలో ఆ మచ్చని గీశాను. చదివిన పుస్తకాల్లో నచ్చిన మాటలు రాసుకోవడానికి పెట్టుకున్న డైరీ అది. పక్క పేజీలో రంగు పెన్సిళ్ళతో ఒక భుజం, దాని మీద వంకాయ రంగు. కింద రాసుకున్నాను: 'మెట్లు కాదు.'

రెండోసారి వచ్చినప్పుడు పాత మచ్చ పక్కనే కొత్తది ఉంది. అప్పుడూ అడిగేదాన్ని కాదేమో. తనే నా మొహం చూసి నవ్వేసింది.

"దక్తూరా, నువ్వు నమ్మలేదు కదా?"

ఇక్కడ మమ్మల్ని అందరూ దక్తూరా అనే పిలుస్తారు. నేను డాక్టర్ని కాదని మొదట్లో చెప్పేదాన్ని, తర్వాత మానేశాను.

"ఎలా తగిలింది?" అన్నాను.

"తుపాకీ."

నా చేతిలోంచి ఐస్ ప్యాక్ జారింది. తను ఇంకా నవ్వింది. ఊరి బయట షూటింగ్ క్లబ్బు ఉందట. గాల్లోకి విసిరే మట్టి బిళ్ళల్ని షాట్‌గన్‌తో కొట్టాలి. ఆడవాళ్ళకి వారంలో రెండు సాయంత్రాలు. కొత్త శిక్షణ బృందానికి ఎంపిక పన్నెండు రోజుల్లో ఉంది. తండ్రి మురిసిపోయి సొంత తుపాకీ కొనిచ్చాడు, రెండున్నర కిలోలే ఉండే తేలికది. లైసెన్సు ఆయన పేరు మీదే, తుపాకీ మాత్రం క్లబ్బు లాకర్లోనే ఉంటుంది. తల్లి ఒకే ఒక్క షరతు పెట్టింది. "నీ ఒంటి మీద ఒక్క మచ్చ కనపడినా ఆ తుపాకీ కొట్టుకి వెనక్కి పోతుంది."

"అయితే అమ్మకి చూపించలేదా?"

"రెండు వారాలుగా మెడ దాకా బొత్తాలు పెట్టుకునే తిరుగుతున్నాను," అంది. ఈసారి నవ్వలేదు. "ఇది పోతే నాకింకేం లేదు దక్తూరా. చదువు నాన్న చెప్పింది. పెళ్ళి అమ్మ చూస్తుంది. ఇదొక్కటే నేను అడిగి తెచ్చుకున్నది."

అంటే ఆ మచ్చ సంగతి ఈ ఊళ్ళో తెలిసింది మా ఇద్దరికే. ఆ రోజు డైరీలో రెండో భుజం గీశాను.

*

మా హాస్టల్ నుంచి క్లినిక్‌కి వ్యాన్ నడిపే ఆయనది రాయచోటి పక్క పల్లె. నాది కడప. ఆ లెక్కన వ్యాన్ ఎక్కిన మొదటి రోజే ఆయన నాకు మామ అయిపోయాడు. ఈ దేశం వచ్చి ఇరవై రెండేళ్ళు. అంతకుముందు పక్క ఊరు ఉనైజాలో ఒక పెద్ద ఖర్జూర తోట యజమాని దగ్గర పనిచేశాడు. ఆయనే అప్పట్లో మామకి కఫీల్, అంటే వీసాకి పూచీ ఉన్న యజమాని. ఆ కఫీల్ వేటకి పోయినప్పుడల్లా వెంట వెళ్ళి బండి నడపడం, వంట చెయ్యడం మామ పని. తుపాకుల గురించి నాకు తెలిసినవాళ్ళలో ఆయన తప్ప ఎవరూ లేరు.

ఊరికే అడగడానికి మొహమాటం వేసి అట్ట వేసుకున్న పుస్తకం చూపించాను. "మామా, ఈ కథలో ఒకావిడ తుపాకీ కాలుస్తుంది. భుజానికి దెబ్బ తగులుతుంది. నిజంగా అట్లా తగుల్తుందా?"

అద్దంలోంచి నన్ను చూశాడు. "యా తుపాకీ?"

"షాట్‌గన్. తేలికైనదే. రెండున్నర కిలోలుంటుందంట."

"కతలో బరువు గూడా రాస్తారా పాపా?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆయన నవ్వాపుకుంటూ చెప్పాడు. "తేలికదయితేనే తంతాది. తూటా ముందుకి పోయేటప్పుడు తుపాకీ యెనక్కి రావల్ల గదా. బరువుంటే మెల్లగ వస్తాది, ఎనుములాగ. తేలికగుంటే గాడిద తన్నినట్టు తంతాది. మా కఫీల్ కొడుక్కి ఒగ తేలిక తుపాకీ ఉండె. మూడు దెబ్బలేసి అన్నం గూడా ఎడమచేత్తో తిన్యాడు."

"మరి తేలికవి ఎందుకు చేస్తారు?"

"మోసేదానికి. పొద్దన్నుంచి ఇసకలో నడిచి ఒగటో రెండో కాలుస్తారు. మోయల్ల గదా. నిలబడిన తావునే యాభై తూటాలు కాల్చేటోళ్ళకి ఎవడిస్తాడు అది." గేరు మార్చి, "మీ కతలో ఆయమ్మకి ఎవురిచ్చినారు?" అన్నాడు.

"నాన్న."

"ఆఁ," అన్నాడు మామ. "బిడ్డ చెయ్యి నొస్తాదని తేలికది తెచ్చింటాడు పాపం."

*

అంతే జరిగింది. మూడో సారి ఆ అమ్మాయితో వాళ్ళ నాన్న వచ్చాడు. ఆడవాళ్ళ విభాగం తలుపు బయట వరండాలో కుర్చీలో కూర్చుని, నేను బయటికి రాగానే లేచి నిలబడ్డాడు. అరవై దాటినాయన. తోటలున్న మనిషి, అరచేతులు గరుకుగా ఉన్నాయి. క్లబ్బువాళ్ళు క్లినిక్ నుంచి ఉత్తరం అడిగారట, భుజం బాగుందని. మచ్చ సంగతి ఆయనకి తెలియదు. నా సంతకం కావాలి.

ఉత్తరం మాట ఒక్క నిమిషంలో అయిపోయింది, ఎంపిక ముందు రాసిస్తానన్నాను. తర్వాత ఆయన సంచిలోంచి ఒక రంగుల కాగితం తీశాడు. ఆ తుపాకీ పెట్టెలో వచ్చిన కరపత్రం. నాలుగు మడతలు పడి, మడతల దగ్గర తెల్లబడి ఉంది. ఎన్నిసార్లు విప్పి చూసుకున్నాడో. దాని మీద అడవిలో చెట్ల మధ్య ఒక పెద్ద టర్కీ కోడి, రెక్కలు విప్పుకుని. ఎదురుగా చెట్టుకి ఆనుకుని కూర్చున్న మనిషి. ఒళ్ళో సన్నటి తుపాకీ.

"పది తుపాకులు ఎత్తి చూశాను," అన్నాడు. "దీనికంటే తేలికది లేదు. రెండున్నర కిలోలు. తూటాలు కూడా ఇందులో రాసినవే తెచ్చాను, గట్టివి. అమ్మాయి చెయ్యి నొప్పి పుట్టకూడదని. బాగుంది కదా దక్తూరా?"

మెళ్ళో గుడ్డ సర్దుకుంటూ ఆయన నా జవాబు కోసం చూస్తున్నాడు. తలుపు సందులోంచి ఆ అమ్మాయి కూడా చూస్తోంది. నాకు తెలుసు. రెండు రోజుల ముందే మామ చెప్పాడు. ఆ కరపత్రం మీద బొమ్మే చెబుతోంది, ఆ మనిషి రోజంతా కూర్చుని ఒక్కసారి కాలుస్తాడని. నోటిదాకా వచ్చింది. అరబ్బీలో ఎలా చెప్పాలో కూడా కూర్చుకున్నాను.

"తమామ్ బాబా," అన్నాను.

పెద్దవాళ్ళని ఇక్కడ నర్సులందరూ బాబా అంటారు. ఆయన సంతోషంగా కరపత్రం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. తలుపు సందులో ఆ అమ్మాయి కళ్ళు వాలిపోయాయి. మర్నాడు తెలిసింది, దక్తూరా కూడా బాగుందంది అని ఆయన అవే తూటాలు ఇంకో రెండు పెట్టెలు కొన్నాడని.

ఆ సాయంత్రం డైరీలో ఏమీ రాయలేకపోయాను. మూడో భుజం మాత్రం గీశాను. పాత మచ్చ పచ్చబడుతోంది, కొత్తది ఎర్రగా దాని మీదికి ఎక్కుతోంది. మూడు బొమ్మలూ పక్కపక్కన చూస్తే ఇంకొకటి తెలిసింది. మచ్చ ప్రతిసారీ కొంచెం బయటికి జరుగుతోంది. తుపాకీ వెనక చెక్క ఆనాల్సింది మెడ ఎముక కింద గుంటలో, మెత్తటి కండ మీద. తను ఆ నొప్పికి భయపడి తెలియకుండానే పక్కకి జరుపుకుంటోంది. జరిపినకొద్దీ ఎముక మీద తగులుతోంది.

తర్వాతి సారి తనని వెనక్కి తిరిగి కూర్చోమని, నా బొటనవేలు భుజానికి అంగుళం దూరంలో ఉంచాను. ఇంకా ముట్టుకోలేదు. భుజం ఎగిరిపడింది.

"ఏం చేశావు?" అంది.

"ఏమీ చెయ్యలేదు."

తను గోడవైపే చూస్తూ చెప్పింది. "కాల్చేముందు కళ్ళు మూసుకుంటున్నాను," అంది మెల్లగా. "ముందు నాలుగైదు బిళ్ళలు కొట్టేదాన్ని. ఇప్పుడు ఒక్కటీ తగలడం లేదు. నాకు చేతకాదేమో దక్తూరా."

దెబ్బ తుపాకీది, చేతకానితనం తనది అనుకుంటోంది. మధ్యలో నా తమామ్ ఒకటి.

*

ఎంపికకి ఆరు రోజుల ముందు, శుక్రవారం సాయంత్రం, వాళ్ళ నాన్న నన్ను క్లబ్బుకి రమ్మని అడిగాడు. కాలుస్తుంటే చూసి ఉత్తరం రాయమని. మా ఇన్‌ఛార్జి ఒప్పుకుంది. మామ వ్యాన్‌లో తీసుకెళ్ళాడు. ఊరు దాటాక ఇరువైపులా ఖర్జూర తోటలు, తర్వాత ఖాళీ నేల, దాని మధ్య నీలం రేకుల షెడ్డు. దూరం నుంచే పేలుళ్ళు వినిపిస్తున్నాయి. ఒక్కో పేలుడుకీ నేను ఉలిక్కిపడుతుంటే మామ అన్నాడు:

"టర్కీ కోడిని కొట్టేదానికి తుపాకీ యాల పాపా. మా ఊర్లో అయితే ఒగ గంప బోర్లేస్తే సాలు."

కరపత్రం సంగతి నేను ఆయనకి చెప్పేశానని అప్పుడు గుర్తొచ్చింది. కథ అని చెప్పిన అబద్ధం ఎప్పుడో పోయింది.

కోచ్ పాకిస్తానీ, పొట్టిగా, తెల్ల గడ్డం. నాతో ఉర్దూలో మాట్లాడాడు. నాకు హిందీ వచ్చు కాబట్టి బతికిపోయాను. వాళ్ళ నాన్న ఫ్లాస్కులోంచి గహ్వా, అరబ్బీ కాఫీ, పోసి ఇచ్చాడు. చిన్న కప్పు, యాలకుల వాసన. మామ కంచె అవతల వ్యాన్ దగ్గరే నిలబడ్డాడు.

ఆ అమ్మాయి చెవులకి మూతలు పెట్టుకుని గీత మీద నిలబడింది. వదలమని అరిచింది, బిళ్ళ ఎగిరింది, తుపాకీ పేలింది. బిళ్ళ అలాగే పోయి ఇసకలో పడింది. మళ్ళీ. మళ్ళీ. పదింటిలో ఒక్కటి కూడా పగల్లేదు. ప్రతి దెబ్బకీ తల వెనక్కి ఊగుతోంది. నునుపైన నల్ల అబాయా అంగీ మీద తుపాకీ చెక్క జారి మోచేతి వైపు వెళ్ళిపోతోంది.

కోచ్ తూటా అందించేటప్పుడు జేబులోంచి ఇంకొకటి తీసి, మాకు సైగ చేసి పెట్టాడు. మందు లేని ఉత్తుత్తి తూటా. తనకి తెలియదు. నాకు తెలిసింది, వాళ్ళ నాన్నకీ తెలిసింది.

బిళ్ళ ఎగిరింది. తను మీట నొక్కింది. టిక్కుమని చిన్న చప్పుడు, అంతే. పేలుడు లేదు, పొగ లేదు. దాంతో మామూలుగా ఆ హోరులో కనపడనిదంతా కనపడింది. గొట్టం జానెడు కిందికి గుచ్చుకుంది. భుజం ముందుకి ఎగిరింది. కళ్ళు గట్టిగా మూసి ఉన్నాయి, పళ్ళు బిగించి ఉన్నాయి. రాని దెబ్బకి ఒళ్ళంతా కాచుకుంటోంది.

తను కళ్ళు తెరిచి ఖాళీ తుపాకీ వైపు, తర్వాత మా వైపు చూసింది.

వాళ్ళ నాన్న కప్పు బల్ల మీద పెట్టాడు. కోపం లేదు ఆయన మొహంలో, జాలి ఉంది. అదే ఎక్కువ భయపెట్టింది నన్ను. "చాలమ్మా," అన్నాడు. "ఇంటికి పోదాం. తప్పు నాదే. ఇంత తేలికది కూడా నీ ఒళ్ళు ఓర్చుకోలేదు. ఇది నీకు సరిపడేది కాదు. అమ్మతో నేను చెబుతాను."

తను తుపాకీ బల్ల మీద పెట్టి చెవి మూతలు తీసింది. వాటిని సంచిలో పెట్టి సంచి జిప్పు మెల్లగా లాగుతోంది. ఆ జిప్పు చివరిదాకా వెళితే అయిపోయినట్టేనని నాకనిపించింది. ఎవరో మాట్లాడాలి. కోచ్ జీతగాడు, క్లబ్బు సభ్యుడు కొన్న తుపాకీని తప్పు పట్టడు. మిగిలింది నేను.

"బాబా," అన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అన్నాను. "బాబా, తప్పు ఆమెది కాదు. తుపాకీది."

ఆయన నావైపు తిరిగాడు. "నువ్వే కదా తమామ్ అన్నావు."

"అన్నాను. అప్పుడూ నాకు తెలుసు. తేలికదైతే ఎక్కువ తంతుందని తెలిసీ తమామ్ అన్నాను. మీరు అంత ఇష్టంగా చూపిస్తుంటే చెప్పడానికి భయమేసింది."

నా అరబ్బీలో ఎన్ని తప్పులున్నాయో తెలియదు, ఆయనకి మాత్రం అర్థమైంది.

"ఎవరు చెప్పారు నీకు? ఎప్పుడైనా కాల్చావా?"

"లేదు." కంచె వైపు చూశాను. మామ అప్పటికే వంగి వ్యాన్ టైరు పరీక్షిస్తున్నాడు.

అప్పుడు కోచ్ గడ్డం నిమురుకుంటూ ఉర్దూలో అన్నాడు, "బేటీ, ఒకసారి కాల్చి చూడు. తర్వాత మాట్లాడు." అదే అరబ్బీలో ఆయనకీ చెప్పాడు. ఆయన చెయ్యి చాపాడు, కానివ్వమన్నట్టు.

పారిపోవాలనిపించింది. కానీ సంచి జిప్పు సగంలో ఆగి ఉంది.

గీత మీద నిలబెట్టారు. కోచ్ నన్ను ముట్టుకోలేదు, తన భుజం మీదే పెన్సిల్‌తో చూపించాడు. ఎడమ కాలు ముందుకి, బరువంతా దాని మీద, చెంప చెక్కకి ఆనించాలి, వెనక చెక్క ఈ గుంటలో. ఆ గుంట పేరు, దాని కింద కండల పేర్లు, నరాల పేర్లు అన్నీ నాకు వచ్చు. పరీక్షల్లో రాశాను. ఇప్పుడు అది నా ఒంటి మీద ఎక్కడుందో తెలియలేదు. ఆ అమ్మాయే వచ్చి, నా చెవులకి మూతలు పెట్టి, తుపాకీ చెక్కని పట్టుకుని నా భుజంలో సర్దింది. ఇన్నాళ్ళూ తన భుజం మీద నా చెయ్యి ఉండేది. ఇప్పుడు నా భుజం మీద తన చెయ్యి. చల్లగా ఉంది.

మీట నొక్కాను.

చప్పుడు గుర్తులేదు. గాలికి దడాలున పడిన తలుపు భుజానికి తగిలినట్టయింది. కళ్ళద్దాలు ముక్కు మీద నుంచి జారాయి. పళ్ళు టకటకలాడాయి. ఒక అడుగు వెనక్కి పడ్డాను. కోచ్ తుపాకీ అందుకోకపోతే కింద పడేసేదాన్ని.

"ఇంకొకటి," అన్నాడు కోచ్. ఈసారి క్లబ్బువాళ్ళ పాత తుపాకీ, నల్ల చెక్క, వెనక లావుపాటి రబ్బరు మెత్త. నా చేతులు దాన్ని సరిగా ఎత్తలేకపోయాయి. మూడున్నర కిలోల పైమాటే. తూటా కూడా వేరేది, చిన్నది, మట్టి బిళ్ళలకని చేసింది. నాకు ఏడుపు వస్తోంది. కళ్ళు మూసుకోకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాను.

అది కూడా తోసింది. రద్దీ బస్సులో వెనకున్నవాళ్ళు కాస్త జరగమన్నట్టు తోసింది. అంతే.

"తేడా ఉందా?" అన్నాడు వాళ్ళ నాన్న.

"ఉంది బాబా."

ఆయన లేచి వచ్చాడు. తేలిక తుపాకీ తీసుకుని తనే మూడుసార్లు కాల్చాడు. మూడోదాని తర్వాత తుపాకీ దించి, భుజం మీద చెయ్యి వేసుకోబోయి ఆపుకున్నాడు. సంచిలోంచి కరపత్రం తీసి కోచ్‌కి చూపించి, ఈ పక్షిని ఎలా వేటాడతారని అడిగాడు. కోచ్ చెప్పాడు: తెల్లవారకముందే కొండలెక్కి, చెట్టుకి ఆనుకుని గంటలు గంటలు కూర్చుంటారు, దగ్గరికి రాగానే ఒక్క దెబ్బ, అది కూడా పెద్ద తూటాతో. మిగతా రోజంతా తుపాకీ మొయ్యడమే పని. అందుకే తేలిక.

"మా తోటలో టర్కీ కోళ్ళు పిలిస్తే వస్తాయి," అన్నాడాయన. ఎవరం నవ్వలేదు. ఆయన కూడా నవ్వలేదు. కూతురి వైపు చూసి, "రోజుకి ఎన్ని కాల్చావు దీంతో?" అన్నాడు.

"యాభై," అంది తను.

ఆయన కరపత్రం మడిచాడు. ఎప్పటి మడతల్లో కాకుండా అడ్డదిడ్డంగా మడిచాడు.

కథ అక్కడ చక్కబడిపోలేదు. తను బరువు తుపాకీతో కాల్చింది. మచ్చకి తగలకుండా కోచ్ భుజం మీద తోలు పట్టీ ఉన్న కోటు తొడిగించాడు. ఉత్తుత్తి తూటా, నిజం తూటా కలిపి, ఏది వస్తుందో చెప్పకుండా అందించాడు. మొదటి పదిసార్లూ గొట్టం కిందికి గుచ్చుకుంటూనే ఉంది. పదకొండోసారి కదల్లేదు. పన్నెండోసారి మళ్ళీ గుచ్చుకుంది. భయాన్ని మూడు వారాలు నేర్చుకున్న ఒళ్ళు ఒక్క సాయంత్రంలో మర్చిపోదు. అదొక్కటి నా చదువులోంచి నాకు ఖాయంగా తెలుసు.

వెళ్ళేముందు వాళ్ళ నాన్న ఉత్తరం అడిగాడు.

"ఇప్పుడు రాయను బాబా," అన్నాను. "మచ్చ ఇంకా ఉంది. బుధవారం చూసి రాస్తాను."

ఈ దేశంలో నేను కాదని చెప్పిన మొదటి మాట అది. ఆ అమ్మాయి నన్ను కోపంగా చూసి కారెక్కింది.

*

బుధవారం తను తల్లితో వచ్చింది.

నేను ఎదురుచూడలేదు. లోపలికి వచ్చి ఆమె ముసుగు తీసింది. కూతురి నుదురే, కూతురి కళ్ళే. తలుపు వేసి కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఉత్తరం రాసేముందు నేనూ చూస్తాను," అంది.

అమ్మాయి నావైపు చూసింది. చెయ్యడానికేం లేదు. బొత్తాలు విప్పింది. బరువు తుపాకీతో రెండు సాయంత్రాలు కాల్చినా కొత్త మచ్చ లేదు. పాతది మాత్రం లేత పసుపుగా, పల్చగా మిగిలింది.

తల్లి దగ్గరికి వచ్చి వేలితో తాకింది. "ఇది పాతదా, కొత్తదా?"

"పాతది అమ్మా."

"పాతది అంటే ఉండేదన్నమాట. నాకు చెప్పలేదు."

ఆమె నావైపు తిరిగింది. "నీకు తెలుసా దక్తూరా?"

"తెలుసు ఖాలా. మొదటి రోజు నుంచీ తెలుసు. నేను కూడా దాచాను." పెద్ద ఆడవాళ్ళని ఇక్కడ ఖాలా, అంటే పిన్నీ, అంటాం. నా సంచిలోంచి డైరీ తీసి ఇచ్చాను. ఎందుకిచ్చానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. నా అక్షరాలు ఆమెకి రావు. బొమ్మలైతే ఎవరికైనా అర్థమవుతాయి అనుకున్నానేమో. మా అమ్మకి కూడా ఇవ్వని డైరీ అది.

ఆమె తన అలవాటు ప్రకారం కుడివైపు నుంచి, అంటే నా చివరి పేజీ నుంచి తెరిచింది. ఖాళీ కాగితాలు తిప్పుకుంటూ వస్తే మొదట తగిలింది ఆఖరి బొమ్మ. ముదురు రంగులో, పెద్దదిగా.

"ఇది మా అమ్మాయిది కాదు. ఎవరిది?"

"నాది."

"చూపించు."

పేషెంట్లు బొత్తాలు విప్పే మంచం పక్కన నిలబడి నేను బొత్తాలు విప్పాను. సిగ్గుతో చెవులు మండాయి. ఆమె వంగి చూసింది, మెల్లగా నొక్కింది. నేను మూలిగాను.

"ఎన్నిసార్లు కాల్చావు?"

"ఆ తేలిక దాంతో ఒక్కసారి ఖాలా."

"ఒక్కసారికి ఇంతా?" ఆమె కూతురి వైపు చూసింది. "నువ్వు?"

"రోజుకి యాభై."

"మూడు వారాలు? ఏడవలేదా?"

"స్నానాల గదిలో ఏడ్చాను."

ఆమె కుర్చీలో కూర్చుంది. డైరీ పేజీలు ఒక్కొక్కటి తిప్పింది, పసుపు నుంచి ఎరుపుకి, ఎరుపు నుంచి వంకాయ రంగుకి, వెనక నుంచి ముందుకి. చివరికి 'మెట్లు కాదు' అని రాసిన దగ్గర ఆగింది. ఆ అక్షరాలేమిటని అడగలేదు.

"నేను ఒక మాట అన్నాను," అంది. "అన్న మాట మార్చను. ఆ తుపాకీ రేపే కొట్టుకి వెనక్కి పోతుంది."

అమ్మాయి తల దించుకుంది.

"క్లబ్బు తుపాకీ గురించి నేనేం అనలేదు," అంది ఆమె, ముసుగు చేతిలోకి తీసుకుంటూ. "ఇకనుంచి వారానికోసారి భుజం నేను చూస్తాను. నువ్వు కాదు, దక్తూరా కాదు. నేను."

తర్వాత నన్ను ఉత్తరం రాయమని, రాసిన ప్రతి వాక్యం చదివి వినిపించమంది. భుజం బాగుంది, బరువైన తుపాకీతో మాత్రమే, చిన్న తూటాలతో మాత్రమే, రోజుకి పాతిక మించకుండా. 'మాత్రమే' రెండుసార్లు రాశానని విని, కింద గీత కూడా గియ్యమంది. గీశాను.

గురువారం ఎంపిక, నాకేమో డ్యూటీ. క్లబ్బుకి వెళ్ళలేదు. ప్రతి పేషెంటుకీ మధ్య ఫోన్ తీసి చూశాను. నాలుగు దాటాక ఒక మెసేజ్ వచ్చింది. 'పాతికలో పదమూడు. తీసుకోలేదు. మళ్ళీ ఆరు నెలలకి రమ్మన్నారు. కళ్ళు మూసుకోలేదు.'

సాయంత్రం వ్యాన్ ఎక్కాను. కుడి పక్క సీటు, బెల్టు సరిగ్గా ఆ భుజం మీద నుంచే వస్తుంది. ఆ వారమంతా దాన్ని వేలితో ఎత్తి పట్టుకునే కూర్చున్నాను. మామ అద్దంలోంచి చూశాడు.

"ఏం పాపా, పడిందా కోడి?"

"పడలేదు మామా. ఆరు నెలల తర్వాత మళ్ళా పోతుంది."

"వాళ్ళమ్మ ఒప్పుకున్యాదా?"

"ఒప్పుకుంది."

"అట్లయితే పడినట్టే," అని బండి తీశాడు. కొంత దూరం పోయాక అడిగాడు, "నీ బుజమెట్లుంది? తమామేనా?"

"లేదు మామా," అన్నాను. "ఇంకా నొప్పిగానే ఉంది."